తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైతే: ఫైళ్ల మార్పిడిలో అక్షరాల చిక్కులు, పరిష్కారాలు

మా సంఘం పట్టికలో నాలుగు వందల పైచిలుకు కుటుంబాలున్నాయి. ఇంటిపేరు, ఇంటి పెద్ద పేరు, ఇల్లాలి పేరు, పూర్వీకులది ఏ ఊరు అన్న వివరం, అన్నీ తెలుగులోనే. పాత చిట్టా పుస్తకం చూసి మా సభ్యుల అమ్మాయి ఒకరు వేసవి సెలవుల్లో ఓపికగా ఎక్సెల్‌లో కొట్టిపెట్టింది. వెబ్‌సైటు పని చూసే కుర్రాడు "సీఎస్‌వీ ఫైలు కావాలి సార్" అన్నాడు. సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ అని కనిపించిన మొదటిదాన్నే ఎంచుకుని సేవ్ చేశాను. తెర మీద తెలుగు తెలుగులాగే ఉంది. ఒక పనికి రెండు ఫైళ్లు ఎందుకని పాతది తీసేశాను. ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ని, బల్ల మీద అనవసరమైన కాగితం ఉంటే నాకు తోచదు. మర్నాడు ఆ కుర్రాడు ఫోన్ చేశాడు: "ఫోన్ నంబర్లు వచ్చాయి సార్, పేర్లన్నీ ప్రశ్నార్థకాలే."

ఆ అమ్మాయి దగ్గర కూడా కాపీ లేదు. మళ్లీ చిట్టా తీశాం. మొదటి పేజీలు చెదలు తిన్నాయి. ఆ పేజీల్లోని ఇంటిపేర్ల కోసం మూడు నెలలు ఇంటింటికీ ఫోన్లు చేశాం. చాలావరకు దొరికాయి. మూడు కుటుంబాలవి మాత్రం దొరకలేదు. చెప్పగల పెద్దవాళ్లు పోయారు, పిల్లలకు తెలియదు.

ఇది నా తప్పే. ఇలాంటిది మరో సంఘంలో జరగకూడదని, ఆ తరువాత నేర్చుకున్నదంతా ఒకచోట రాస్తున్నాను. కంప్యూటరు చదువు లేనివారికి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

మనకే ఎందుకు ఎక్కువ నష్టం

ఆంధ్ర, తెలంగాణల్లో ఒక జాబితా పాడైతే అదే పేరు తెలుగులో ఇంకెక్కడో ఒకచోట దొరుకుతుంది. మనకు ఆ వీలు తక్కువ. మన రేషన్ కార్డు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం; త, ద లకు ఒకటే; ప, బ లకు ఒకటే. ఆ కార్డు చూసి ఇంటిపేరు ‘గంటా’నో ‘కంటా’నో చెప్పలేం. పైగా తమిళనాడులో ఇంటిపేరు బదులు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకోవడం అలవాటు. ఇంగ్లీషులో రాస్తే ల, ళ తేడా పోతుంది, న, ణ తేడా పోతుంది, దీర్ఘం ఎక్కడుందో తెలియదు. కాబట్టి మన పేరు అసలు రూపం చాలాసార్లు సంఘం పుస్తకంలోనే ఉంటుంది. ఆ ఒక్క కాపీ చెడితే దాన్ని సరిచూసుకోవడానికి వేరే ఆధారం ఉండదు.

ఫైలు లోపల ఏముంటుంది

కంప్యూటరులో అక్షరాలు ఉండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే పట్టికను ఎన్‌కోడింగ్ అంటారు. పంపినవారు ఒక పట్టికతో రాసి, అందుకున్నవారు మరో పట్టికతో చదివితే అక్షరాలు తారుమారవుతాయి. గజిబిజికి మూలం చాలావరకు ఇదే.

మనకు తగిలే పట్టికలు నాలుగు రకాలు.

మొదటిది ఇంగ్లీషు పట్టిక ఆస్కీ. దీనిలో 128 గడులు. తెలుగుకు చోటు లేదు. దీన్ని 256 గడులకు పెంచి పశ్చిమ యూరప్ భాషల అక్షరాలు చేర్చినదే విండోస్ 1252. విండోస్‌లో ‘ఆన్సీ’ అని కనిపిస్తే మన దేశంలోని కంప్యూటర్లలో సాధారణంగా ఇదే. దీనిలోనూ తెలుగు లేదు.

రెండోది ఇస్కీ. భారత ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 అనే సంఖ్యతో దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. బ్రాహ్మీ నుంచి వచ్చిన మన లిపులన్నింటికీ దీనిలో అవే అంకెలు. తెలుగు ‘క’కు, కన్నడ ‘క’కు ఒకటే అంకె, ఏ లిపిలో చూపించాలో వేరే గుర్తు చెబుతుంది. అందుకే పాత ఇస్కీ ఫైలు తెరిచినప్పుడు తెలుగు పేర్లు కన్నడ లిపిలోనో నాగరిలోనో కనిపిస్తే కంగారు పడకండి. సమాచారం బాగానే ఉంది, లిపి ఎంపిక తప్పింది.

మూడోది పాత డీటీపీ ఫాంట్ల పట్టిక. అను, శ్రీలిపి వంటి వాటితో ఏళ్ల తరబడి మన పత్రికలు, ఆహ్వానాలు, ప్రత్యేక సంచికలు తయారయ్యాయి. వీటిలో ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గడుల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు పెట్టారు. ఒక్కో ఫాంటు కుటుంబానికి ఒక్కో పట్టిక.

నాలుగోది యూనికోడ్. 1991లో మొదటి కూర్పు వచ్చింది. ప్రపంచ లిపులన్నింటికీ వేర్వేరు అంకెలు. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గడులు, కన్నడకు ఆ వెంటనే 3200 నుంచి 3327 వరకు. తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. ఈ అంకెలను ఫైలులో రాసే పద్ధతుల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఈ పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. ఈ మూడు అనే సంఖ్య గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ముందుగా చేయవలసింది

గజిబిజి కనిపించగానే ఏదీ సేవ్ చేయకండి. మూసేటప్పుడు ‘మార్పులు సేవ్ చేయాలా’ అని అడిగితే వద్దు అనండి. వచ్చిన ఫైలును అలాగే మరో పేరుతో కాపీ తీసి, ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చేయండి. ఆఫీసులో అసలు కాగితం మీద దిద్దుబాటు చేయకూడదని మాకు మొదటి రోజే నేర్పారు. ఇక్కడా అదే నియమం. తప్పుగా తెరవడం వల్ల ఫైలు చెడదు. తప్పుగా తెరిచి సేవ్ చేస్తే చెడుతుంది.

లక్షణాన్ని బట్టి కారణం

1. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఇవే పదేపదే కనిపించడం.

ఇది యూటీఎఫ్-8లో ఉన్న తెలుగును విండోస్ 1252 పట్టికతో చదివినప్పుడు వస్తుంది. తెలుగు అక్షరాల మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ఆ పట్టికలో 224 అంటే గీత ఉన్న ‘ఏ’, 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్. చూడటానికి భయంకరంగా ఉన్నా ఇది మంచి వార్త. తెలుగు లోపల భద్రంగా ఉంది. సేవ్ చేయకుండా మూసి, యూటీఎఫ్-8 అని చెప్పి తెరిస్తే పేర్లు వచ్చేస్తాయి.

ఎవరో ఆ గజిబిజినే సేవ్ చేసి పంపినా చాలాసార్లు వెనక్కి తేవచ్చు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ ‘ఆన్సీ’ పెట్టి కొత్త పేరుతో సేవ్ చేయండి. తరువాత ఆ కొత్త ఫైలును యూటీఎఫ్-8గా తెరవండి. కానీ ఒత్తులు జాగ్రత్తగా చూడండి. మన పొల్లు గుర్తులో మూడో బైటు 141. విండోస్ 1252లో ఆ గడి ఖాళీ. కొన్ని ప్రోగ్రాములు ఖాళీ గడిని వదిలేస్తాయి. అప్పుడు ‘కృష్ణయ్య’లో ఒత్తులు ఊడిపోతాయి. ఏ, ఐ, ఝ అక్షరాలకూ ఇదే ప్రమాదం ఉంది.

2. వరుసగా మామూలు ప్రశ్నార్థకాలు.

తెలుగుకు చోటు లేని పట్టికలోకి సేవ్ చేసినప్పుడు, ప్రోగ్రాము తనకు తెలియని ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం రాసేస్తుంది. నాకు జరిగింది ఇదే. అన్ని అక్షరాలకూ ఒకటే గుర్తు కాబట్టి ఆ ఫైలు నుంచి ఏ మంత్రమూ పేర్లను వెనక్కి తేలేదు. దాన్ని బాగుచేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి. దానికి ముందున్న ఫైలు కోసం వెతకండి: మెయిల్లో పంపిన జోడింపు, వాట్సాప్‌లో వెళ్లిన కాపీ, పెన్‌డ్రైవ్, రీసైకిల్ బిన్.

3. నల్లటి వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం.

ఇది ‘ఈ బైట్లు యూటీఎఫ్-8 కావు’ అని ప్రోగ్రాము చెప్పడం. ఫైలు ఇస్కీలోనో, పాత ఫాంటులోనో, యూటీఎఫ్-16లోనో ఉండవచ్చు. సేవ్ చేయనంతవరకు లోపలి బైట్లు క్షేమం. వేరే ఎన్‌కోడింగులు ఒక్కొక్కటి పెట్టి తెరిచి చూడండి. ఆ వజ్రాలతోనే సేవ్ చేస్తే మాత్రం అవి ప్రశ్నార్థకాలతో సమానం.

4. ఖాళీ డబ్బాలు.

సమాచారం సరిగానే ఉంది, చూపించడానికి ఫాంటు లేదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినప్పటి నుంచి మామూలు తెలుగుకు ఈ ఇబ్బంది తగ్గింది. కానీ యూనికోడ్‌లో తరువాత చేరిన అక్షరాలకు పాత ఫోన్లలో ఇప్పటికీ డబ్బాలే వస్తాయి. 2014లో చేరిన ‘ఴ’, 2021లో చేరిన నకారప్పొల్లు ఇలాంటివి. కొత్త ఫాంటు వేసుకుంటే చాలు, ఫైలును ముట్టుకోవద్దు.

5. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా.

పాత డీటీపీ ఫాంటుతో కొట్టిన మాటను ఆ ఫాంటు లేని చోట అతికిస్తే ఇలా కనిపిస్తుంది. ప్రెస్సువారిని అడిగి ఫాంటు పేరు, వీలైతే సాఫ్ట్‌వేర్ కూర్పు తెలుసుకోండి. ఆ ఫాంటు కుటుంబానికే తయారుచేసిన కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చండి. ఒకదాని కన్వర్టరు మరోదానికి పనిచేయదు. మార్చాక అచ్చు ప్రతితో పోల్చి చదవాలి. ఇలాంటి ఫాంటుతో చేసిన పీడీఎఫ్ కంటికి బాగుంటుంది కానీ అందులోంచి కాపీ చేస్తే వచ్చేది ఈ కలగాపులగమే.

6. ‘&#3093;’ వంటి అంకెలు.

వెబ్ పేజీల కోసం అక్షరాన్ని దాని యూనికోడ్ అంకెతో రాసే పద్ధతి ఇది. పైన చెప్పిన 3093 గుర్తుందా? అది ‘క’. ఏదీ పోలేదు, వెబ్‌సైటు చూసేవారు సులభంగా తిరిగి అక్షరాలు చేస్తారు. తెలుగు పేజీ లింకు పంపినప్పుడు శాతం గుర్తులతో బారుగా కనిపించడం కూడా పొరపాటు కాదు, తెలుగు బైట్లను లింకులో అలాగే రాస్తారు.

7. చుక్కల వలయం మీద గుణింతపు గుర్తు.

హల్లు లేకుండా గుణింతం ఒంటరిగా ఉంది. మధ్యలో ఖాళీ పడి ఉండవచ్చు, హల్లు పోయి ఉండవచ్చు, లేదా హల్లు కన్నడ కీబోర్డుతో, గుణింతం తెలుగు కీబోర్డుతో కొట్టి ఉండవచ్చు.

ఎక్సెల్‌తో జాగ్రత్తలు

మన సంఘాల్లో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. గూగుల్ షీట్స్ నుంచి దించిన సీఎస్‌వీ యూటీఎఫ్-8లో ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కి నేరుగా తెరిస్తే, యూటీఎఫ్-8 అన్న గుర్తు ఫైలు మొదట్లో లేనందున ఎక్సెల్ దాన్ని ఆన్సీ అనుకుంటుంది. పైన ఒకటో లక్షణం కనిపిస్తుంది. అలా తెరవకుండా, ఖాళీ ఎక్సెల్ తెరిచి, ‘డేటా’లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి.

సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోండి. ఎక్సెల్ 2016 తరువాతి కూర్పుల్లో ఇది ఉంటుంది. దాని పక్కనే ఉండే ఉత్త ‘సీఎస్‌వీ’ జోలికి పోకండి. దానిలో సేవ్ చేసినా ఫైలు మూసేదాకా తెర మీద తెలుగు మామూలుగానే కనిపిస్తుంది. నేను మోసపోయింది అక్కడే. సేవ్ చేశాక ఫైలు మూసి, నోట్‌ప్యాడ్‌తో తెరిచి చూసుకోవడమే నమ్మకమైన పరీక్ష.

ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ వాడేవారికి ఒక సౌకర్యం ఉంది. సీఎస్‌వీ తెరవగానే ఏ ఎన్‌కోడింగ్ అని అదే అడుగుతుంది, కింద నమూనా చూపిస్తుంది.

నోట్‌ప్యాడ్ 2019 విండోస్ 10 కూర్పు నుంచి మామూలుగా యూటీఎఫ్-8లోనే సేవ్ చేస్తుంది. అంతకు ముందువి ఆన్సీ అంటాయి. తెలుగు ఉంటే ‘అక్షరాలు పోతాయి’ అని హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక చదవకుండా ఓకే నొక్కకండి.

పేరు తోక తెగడం

కొన్ని పాత ప్రోగ్రాముల్లో పేరు గడికి 30 బైట్లు అని పెట్టి ఉంటారు. ఇంగ్లీషుకు 30 అక్షరాలు. తెలుగుకు మూడేసి చొప్పున పదే. ‘వేంకటేశ్వర్లు’లో గుణింతాలు, పొల్లులు, సున్న కలిపి 13 గుర్తులు, అంటే 39 బైట్లు. 30 దగ్గర కోస్తే మిగిలేది ‘వేంకటేశ్వర’. ప్రశ్నార్థకం లేదు, డబ్బా లేదు, చూసినవారికి అనుమానమే రాదు. కానీ మనిషి పేరు మారిపోయింది. అందుకే పొడవైన పేర్లను విడిగా సరిచూడాలి.

ఎస్సెమ్మెస్‌కూ ఇలాంటి లెక్కే ఉంది. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం ఉన్నా సందేశమంతా యూనికోడ్ అయి, హద్దు 70కి దిగుతుంది. అది దాటితే ఒక్కో ముక్కకు 67. ఉగాది ఆహ్వానం రెండు మూడు సందేశాల ఖర్చు ఎందుకయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కంటికి కనపడని తేడాలు

పట్టికలో పేరు ఉంది, వెతికితే దొరకదు. ఒకే మనిషి రెండుసార్లు నమోదవుతాడు. దీనికి కారణాలు కొన్ని:

సున్న బదులు అంకె 0 గానీ ఇంగ్లీషు ‘ఓ’ గానీ కొట్టడం.

కన్నడ కీబోర్డుతో కొట్టిన పేరు తెలుగు పట్టికలో చేరడం. ‘గంగ’, ‘రాజు’ వంటివి రెండు లిపుల్లోనూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. హోసూరు, బళ్లారి, కోలారు ప్రాంతాలవారు ఇది తప్పక చూసుకోవాలి.

కనపడని విరామ గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట్’ తరువాత ‘వే’ ఒత్తుగా మారకుండా ఆపేది ఇదే. దీని అంకె 8204. ఒకరు పెట్టి, మరొకరు పెట్టకపోతే యంత్రం దృష్టిలో అవి రెండు మాటలు.

ఐత్వం. దీనికి 3144 అనే ఒకే అంక్ె ఉంది; 3142, 3158 అనే రెండు ముక్కలుగానూ రాయవచ్చు. కనిపించేది ఒకటే. ప్రోగ్రాము రాసేవారిని ‘నార్మలైజ్ చేయండి’ అని అడిగితే వారికి అర్థమవుతుంది.

అనుమానం ఉంటే ఎక్సెల్‌లో ‘లెన్’ ఫంక్షన్‌తో రెండు పేర్ల పొడవు చూడండి. ‘యూనికోడ్’ ఫంక్షన్ మొదటి అక్షరం అంకె చెబుతుంది. 3072 నుంచి 3199 లోపల ఉంటే తెలుగు, 3200 నుంచి 3327 లోపల ఉంటే కన్నడ.

వెబ్‌సైటు చేసేవారికి చెప్పవలసినవి

ఫైలు మంచిదైనా డేటాబేసులో పేర్లు ప్రశ్నార్థకాలు కావచ్చు. మై ఎస్‌క్యూఎల్ వాడుతుంటే పట్టికకు, గడికి, ప్రోగ్రాముకు డేటాబేసుకు మధ్య ఉన్న కనెక్షనుకు, మూడింటికీ ‘యూటీఎఫ్8ఎంబీ4’ పెట్టమనండి. ఒక్కచోట ‘లాటిన్1’ మిగిలినా పాడవుతుంది. దానిలో ఉత్త ‘యూటీఎఫ్8’ అనే పాత పద్ధతి అక్షరానికి మూడు బైట్లే పట్టుకుంటుంది. తెలుగుకు అది సరిపోతుంది కానీ నాలుగు బైట్ల ఎమోజీ రాగానే ఇబ్బంది పెడుతుంది.

పంపే ముందు పరీక్ష

మొత్తం పట్టిక పంపే ముందు పది పేర్ల చిన్న ఫైలు పంపండి. దానిలో కష్టమైనవి ఉండాలి: కృష్ణయ్య, జ్ఞానేశ్వరి, ఋషి, ఐలయ్య, వేంకటేశ్వర్లు, ఝాన్సీ, దుఃఖం వంటివి. అవతలివారిని దాన్ని వారి యంత్రంలోకి ఎక్కించి, మళ్లీ ఫైలుగా తీసి మీకు పంపమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. తెర ఫోటో పంపితే ఒప్పుకోవద్దు. తెర వేరు, ఫైలు వేరు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక రీతిలో కొట్టిన సందేశం వస్తే ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలాయి, ఐఓఎస్ 11.2.6తో అది సర్దుకుంది. అక్కడ అక్షరం తప్పు లేదు, చూపించే యంత్రానిదే తప్పు. నా విషయంలో తెర సరిగా ఉంది, ఫైలు పోయింది.

ఫైలుతో పాటు ఒక చిన్న కవరింగ్ లెటరు కూడా పంపండి: ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, ఇన్ని వరుసలు, మొదటి పేరు ఇది, చివరి పేరు ఇది. అందినవారు ఆ నాలుగూ సరిపోయాయని జవాబు రాసేదాకా పని పూర్తి కానట్టే.

ఇప్పుడు మా సంఘంలో పట్టిక మూడు చోట్ల ఉంది. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి అచ్చు తీసి బైండు చేయించి బీరువాలో. ఏటా సర్వసభ్య సమావేశానికి ముందు కొత్తగా అచ్చు తీస్తాం, పాతది పారేయం. దొరకని ఆ మూడు ఇంటిపేర్ల గడులు అందులో ఖాళీగానే ఉంచాం. మీ దగ్గర చిట్టా పుస్తకం ఇంకా బాగుంటే, కంప్యూటరులోకి ఎక్కించే ముందే ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. ఫోటోకు ఎన్‌కోడింగ్ గొడవ లేదు.